నిమ్మకాయ ఎత్తుకి లేచిన ఇల్లు

ముందే చెప్పేస్తున్నాను, నేను గోరంతని కొండంత చేస్తాను. కొండే దొరికితే దాని మీద ఇంకో కొండ ఎక్కిస్తాను. మా ఆవిడ నేను చెప్పే ఏ అంకెనైనా సగం చేసి, అందులోంచి మళ్ళీ సగం తీసేసి వింటుంది. అయినా మోసపోతూనే ఉంటుంది. కాబట్టి ఈ మలేషియా ప్రయాణం చదివి అదే దారిన వెళ్దామనుకునేవాళ్ళు నా దోమల్ని కాస్త చిన్నవి చేసుకోండి, నా ఎండని కాస్త చల్లార్చుకోండి. ఒక్క చోట మాత్రం పెంచడం కాదు, అచ్చంగా కల్పించాను. అదెక్కడో చివర్లో చెబుతాను. ఈలోపు పట్టుకోగలిగితే పట్టుకోండి.

ప్రయాణానికి కారణం మా అత్తయ్యగారు. ఆవిడ చిన్నకూతురు సుధ కౌలాలంపూర్‌లో ఉంటుంది. అత్తయ్యగారు ఒంటరిగా విమానం ఎక్కరు. మా ఆవిడకి కాలేజీలో పరీక్షల డ్యూటీ. "మీకెలాగూ పనేమీ లేదుగా, అమ్మని తీసుకెళ్ళి, ఓ పదిరోజులుండి, తీసుకొచ్చెయ్యండి" అంది. హాస్యం రాసుకునేవాడికి పనుందని నిరూపించడం మన దేశంలో ఏ కోర్టులోనూ సాధ్యం కాదు. విశాఖపట్నంలో రాత్రి విమానం ఎక్కి తెల్లవారేసరికి కౌలాలంపూర్‌లో దిగాం. దారిపొడవునా అత్తయ్యగారు కిటికీ పక్కన కూర్చుని, చీకట్లో రెక్క ఉందో ఊడిందో చూస్తూనే ఉన్నారు. ఆవిడ కాపలా వల్లే ఆ విమానం క్షేమంగా దిగిందని ఆవిడ నమ్మకం.

విమానాశ్రయానికి మా తోడల్లుడు ప్రసాద్ వచ్చాడు. కంప్యూటర్ల ఉద్యోగం. చొక్కా తొడుక్కునే ముందు దాని మెడపట్టీ మీద ఉతికే విధానం చదివే రకం. ఇంటికి తీసుకెళ్ళకుండా, మొహాలైనా కడుక్కోనివ్వకుండా, ఊరి చివర ఒక గోడౌన్ దొడ్డికి తీసుకెళ్ళి, టార్పాలిన్ లాగి, "ఎలా ఉంది అన్నయ్యగారూ?" అన్నాడు.

సర్కారు ఆసుపత్రిలో ఒక వార్డు గోడలు తెంచుకుని రోడ్డు మీదకి వచ్చేస్తే ఎలా ఉంటుందో అలా ఉంది. తెల్లగా, పొడుగ్గా, కిటికీలకి కర్టెన్లతో. దాన్ని కారవాన్ అంటారట. దేశం వదిలి వెళ్ళిపోతూ ఎవరో తెల్లాయన అమ్మేస్తే ప్రసాద్ కొన్నాడు. ఒక్కో పక్క రెండేసి చక్రాలు, ఒకదాని వెనక ఒకటి. "జంట ఇరుసుల బండి అన్నయ్యగారూ. ఒక్క ఇరుసు బండి ఊగుతుంది. ఇది రైలు పెట్టెలా నిలకడగా ఉంటుంది" అన్నాడు. నిలకడ సంగతి నాకూ కనిపించింది. అది అసలు కదిలే రకంలా లేదు.

"లోపల మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్నాయి."

"మీ ఇంట్లో లేవా?" అన్నాను.

అతను నొచ్చుకోలేదు. నొచ్చుకుంటే నాకు తృప్తిగా ఉండేది.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇంటికి చక్రాలు కట్టి చూడమని వాళ్ళు కూడా అనలేదు. శత్రువుకైనా అంత కీడు తలపెట్టని రోజులవి.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర సుధ అసలు సంగతి చెప్పింది. "బావగారూ, సాక్ష్యం మీరే. ఈ బండి కొన్నాక మేం దాన్ని చూడ్డానికి వెళ్ళడం తప్ప దానిలో ఎక్కడికీ వెళ్ళలేదు. ఈ శనివారం మొదటి ప్రయాణం. అమ్మ చూసి 'ఉండనీ' అంటే ఉంచుతాం. 'వద్దు' అంటే సోమవారం అమ్మకానికి పెట్టేస్తా."

ప్రసాద్ అన్నంలో వేలితో గీతలు గీస్తున్నాడు. కూతురు పెళ్ళిచూపులకి పెళ్ళివారు బయల్దేరారని కబురొచ్చిన తండ్రిలా ఉంది మొహం.

అత్తయ్యగారు వెంటనే తీర్పు చెప్పేవారే. కానీ ఒక ప్రశ్న వేశారు. "బండికి పూజ చేయించారా?"

చేయించలేదు. గోడౌన్‌వాడు హారతి వెలిగించనివ్వడు. అపార్ట్‌మెంటు కిందికి అది దూరదు.

"పూజ చెయ్యని బండిని మంచిదో చెడ్డదో నేనెలా చెప్పను? ముందు నాలుగు చక్రాలూ నిమ్మకాయలు తొక్కాలి."

అప్పుడు ప్రసాద్ చెప్పాడు, బాగన్ దాతుక్‌లో తన స్నేహితుడు సూరన్న అనే పెద్దాయన ఉన్నాడని, కొబ్బరితోట ఉందని, పూజ అక్కడే చేసుకోమన్నాడని. సూరన్న తాతలు మన ఉత్తరాంధ్ర నుంచి తోటపనికి వచ్చి అక్కడే పాతుకుపోయినవాళ్ళు. అలా ఖాయమైంది.

శనివారం పొద్దున్న ఏడింటికి బయల్దేరాలి. బయల్దేరాం, ఎనిమిదిన్నరకి. ఆ గంటన్నరా ప్రసాద్ కారునీ కారవాన్‌నీ కలిపే కొక్కేన్ని పరీక్షించాడు. లాగాడు, ఊపాడు, దాని మీద కూర్చున్నాడు, దిగి మళ్ళీ లాగాడు. మా పెళ్ళికి ముందు మా మావగారు నన్ను అంత పరీక్షించి ఉంటే నాకు ఈ తోడల్లుడు దక్కేవాడు కాదు.

కారులో నలుగురం. వెనక ఇల్లు ఖాళీ. "లాగుతున్నప్పుడు లోపల ఎవరూ కూర్చోకూడదు అత్తయ్యగారూ" అన్నాడు ప్రసాద్.

"ఎవరూ ఎక్కకూడని ఇంటిని మోసుకెళ్ళడం దేనికి బాబూ?"

నా జీవితంలో అత్తయ్యగారిని అంత ప్రేమగా చూసింది అప్పుడే.

ఈ దారిన వచ్చేవాళ్ళకి ఒక మాట. కౌలా సెలంగోర్ దాకా బస్సుల్లో తంటాలు పడి చేరొచ్చు, క్లాంగ్‌లో మారాలి. ఆ పైన బాగన్ దాతుక్‌కి సొంత బండి ఉండాల్సిందే. ఆ సొంత బండి వెనక ఇల్లు మాత్రం ఉండక్కర్లేదు. రోడ్డు అద్దంలా ఉంది. రెండు పక్కలా పామాయిల్ తోటలు, వాటి తర్వాత పామాయిల్ తోటలు, విసుగు పుడుతుందనుకునేసరికి మార్పు కోసం ఇంకాస్త ముదురు పామాయిల్ తోటలు. మేం వెళ్ళే వేగానికి ఒక్కో చెట్టుతోనూ పరిచయం ఏర్పడింది. మోటారు సైకిలు మీద కోళ్ళగంప కట్టుకున్న ముసలాయన ఒకడు మమ్మల్ని దాటిపోయాడు. కోళ్ళు వెనక్కి తిరిగి జాలిగా చూశాయి.

పదిన్నరకి కౌలా సెలంగోర్‌లో టీకి ఆగాం. ఇక్కడే నాకు చక్రాల తాళాల గురించి తెలిసింది. బీమావాళ్ళ షరతట. బండిని వదిలి కదిలితే ఒక పక్క రెండు చక్రాలకీ తాళాలు ఉండాలి. లేకుండా దొంగ పట్టుకుపోతే పైసా రాదు.

"దీన్ని దొంగిలించేవాడు ఎక్కడ దాస్తాడయ్యా? ఆగడానికి చోటు వెతుక్కుంటూ ముసలివాడైపోతాడు" అన్నాను.

"షరతు షరతే అన్నయ్యగారూ."

"అయితే వెయ్యి, ఎంతసేపు?"

"గంట పట్టొచ్చు."

పావుగంట టీకి గంట తాళం! కాబట్టి తాళం వెయ్యలేదు, వంతులేసుకున్నాం. ఆడవాళ్ళు తాగి వచ్చేదాకా మేం కాపలా, మేం తాగి వచ్చేదాకా వాళ్ళు కాపలా. నురగ పొంగేలా పైనుంచి లాగి పోసిన టీ, పొరలు పొరలుగా ఊడొచ్చే రొట్టె, పప్పు. బ్రహ్మాండం. టీకొట్టాయన తమిళుడు. మా బండిని కిందనుంచి పైకి చూసి, "ఎన్న అణ్ణే, వీట్టైయే తూక్కిట్టు పోరీంగళా?" అన్నాడు. ఏమన్నా, ఇల్లే ఎత్తుకుపోతున్నారా అని. ప్రసాద్ గర్వంగా తలూపాడు. వెక్కిరింతని మెచ్చుకోలుగా తీసుకోగలగడం కూడా ఒక వరమే.

బాగన్ దాతుక్ చేరేసరికి ఒంటిగంట దాటింది. పామాయిల్ అయిపోయి కొబ్బరితోటలు మొదలయ్యాయి, గాలిలో ఉప్పు వాసన. సూరన్న గేటు దగ్గరే ఉన్నాడు. డెబ్బై దాటిన మనిషి, లుంగీ, మెడలో తువ్వాలు, చెరకుగడలాంటి ఒళ్ళు. బండిని చూసి నోరు తెరిచాడు.

"వచ్చినారా బాబూ! ఏటిది లా? అద్దె కట్టనేక ఇల్లే లాక్కొచ్చినారేటి?"

ఆ 'లా' అక్కడివాళ్ళు ప్రతి మాటకీ తగిలించే తోక. ఆ క్షణాన ఆయన నా ఆప్తమిత్రుడైపోయాడు.

నేను విశాఖపట్నం నుంచని తెలియగానే నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. "మా తాత ఇసాపట్నంలో ఓడెక్కినాడంట. నాను ఆ ఊరు సూడనేదు. మీరేమో ఇమానంలో వచ్చినారు." కారవాన్ వైపు చూసి, "కొలంపూర్ కాణ్ణించి దీనెనకాల వచ్చిన్దానికన్నా మా తాత ఓడే బేగి వచ్చుంటాది" అన్నాడు. ఆయన భార్య పైడమ్మ వంటింట్లోంచి చూసి నవ్వుతోంది. ఆ వంటింట్లోంచే చేపల పులుసు వాసన వస్తోంది. చింతపండు, కొబ్బరిపాలు, ఏదో నదీ సముద్రమూ కలిసే చోట పట్టిన చేప. ఆ వాసన గట్టిగా పీలిస్తే ఒక ముద్ద అన్నం తినొచ్చు.

"పూజయ్యాకే భోజనం" అన్నారు అత్తయ్యగారు.

"తాళాలయ్యాకే పూజ. పూజకి ముందు కాళ్ళు కడుక్కోడానికి బండి వదిలి లోపలికి వెళ్ళాలి కదా" అన్నాడు ప్రసాద్.

ఆకలికీ నాకూ మధ్య ఒక దేవత, ఒక బీమా కంపెనీ నిలబడ్డాయి.

తాళం సంగతి కాస్త చెప్పాలి, లేకపోతే నా ఆకలి ఎంత అన్యాయమైందో మీకు అర్థం కాదు. చక్రం వెనక, ఇరుసు చివర ఒక కన్నం ఉంటుంది. పసుపుపచ్చ ఇనప పలకకి ఒక బోల్టు. ఆ బోల్టు చక్రం ఆకుల మధ్య సందులోంచి దూరి సరిగ్గా ఆ కన్నంలో పడాలి. అంటే చక్రం ఆగినప్పుడు సందు కన్నానికి ఎదురుగా రావాలి. వెంట్రుకవాసి తేడా వచ్చినా దూరదు. మామూలు బండికి ఒక్క చక్రమే కాబట్టి కొద్దిగా ముందుకో వెనక్కో జరిపితే సరి. జంట ఇరుసుల బండికి ముందు చక్రం సరిపడితే వెనకది సరిపడదు, వెనకది సరిపడితే ముందుది అలుగుతుంది. అన్నదమ్ముల వాటాల్లాగ. అందుకని ముందు చక్రాన్ని బండి జరిపి సరిచేసి తాళం వేస్తారు. వెనక చక్రాన్ని జాకీతో గాల్లోకి లేపి, చేత్తో తిప్పి, సందు కన్నానికి ఎదురుగా తెచ్చి తాళం వేస్తారు. ఇన్ని తెలివితేటలున్న జాతి దొంగల్ని పట్టుకోవచ్చు కదా!

సుధ స్టీరింగు దగ్గర కూర్చుంది. ప్రసాద్ నేల మీద బోర్లా పడుకుని ఫోను లైటుతో చక్రంలోకి చూస్తున్నాడు.

"ముందుకి... ఇంకొంచెం... ఆగు! అయ్యో, దాటింది. వెనక్కి."

"ఉందూర్! ఉందూర్ లా!" అని సూరన్న మలాయిలో చేతులూపాడు. అదీ వెనక్కనే.

"జాగ్రత్త!" అని అత్తయ్యగారు. జాగ్రత్త అంటే బండి ఏ దిక్కుకి పోవాలో ఎవరికీ తెలియదు. అయినా సుధ ఆ మాటకి ప్రతిసారీ బ్రేకు తొక్కింది. ప్రతిసారీ కన్నం దాటిపోయింది. అలా ఆ ఇల్లు కొబ్బరిచెట్ల మధ్య ముందుకీ వెనక్కీ అటూ ఇటూ తచ్చాడుతుంటే, నా కళ్ళముందే ఒక కొబ్బరిపూత పిందె కట్టి, కాయై, ముదిరి రాలింది. ఆఖరికి "పడింది!" అని ప్రసాద్ అరిచాడు. ముందు చక్రానికి తాళం బిగించి, లేచి, మోకాళ్ళ బురద కూడా దులుపుకోకుండా మురిసిపోతున్నాడు.

అప్పుడు వచ్చారు అత్తయ్యగారు, ఇత్తడి పళ్ళెంలో పసుపు, కుంకుమ, కర్పూరం, నిమ్మకాయలతో.

"బాబూ, ఇక బండి కాస్త ముందుకి పోనివ్వండి. చక్రాల కింద నిమ్మకాయలు పెడతాను, తొక్కుతుంది."

"కదలదు అత్తయ్యగారూ. తాళం వేసేశాను."

"తీసెయ్యండి."

తాళం వేసితిని, గొళ్ళెం మరిచితిని అంటారు. గొళ్ళెం మరవలేదు, నిమ్మకాయ మరిచాడు పాపం. ప్రసాద్ మొహం చూడాలి. పదో తరగతి ఫలితాల్లో నంబరు కనిపించనివాడికి కూడా అంత దిగులు ఉండదు.

"తీస్తే మళ్ళీ మొదటికొస్తుందమ్మా" అంది సుధ.

"మొదటికి రానీ. తాళాలు మనుషులు పెట్టుకున్నవి. నిమ్మకాయ అలా కాదు."

"అత్తయ్యగారి మాటే మాట" అన్నాను. నేను అలాంటివాణ్ణే.

ఇలా చాలాసేపు నడిచింది. పైడమ్మ ఒకసారి వచ్చి "కూడు సల్లారిపోతాది" అని చెప్పి వెళ్ళిపోయింది. అప్పుడు సూరన్న తువ్వాలుతో మెడ తుడుచుకుని అన్నాడు. "ఎనక సక్రం ఎలాగూ లేపుతావు కదా బాబూ? తాళమేసీసి, కింద నిమ్మకాయెట్టి దింపీ. తొక్కినట్టే గదేటి?"

అత్తయ్యగారు కళ్ళు మూసుకుని ఆలోచించారు. "ముందుకి తొక్కడం కాదు, పైనుంచి తొక్కడం... అయినా తొక్కుడు తొక్కుడే. సరే."

"మరి మిగతా చక్రాలో?" అన్నాను, అగ్గి ఆరిపోతుందేమోనని.

"ఇంట్లో ఒకరు గుడికెళితే పుణ్యం అందరికీ రాదూ?" అన్నారావిడ. శాస్త్రాన్ని అలా మలుచుకోవడం మగవాళ్ళ వల్ల కాదు.

ఇక జాకీ. ప్రసాద్ కారులోంచి ప్లాస్టిక్ కవరు వేయించిన కాగితాలు తెచ్చాడు. ప్రతి పనికీ ముందు ఒక వాక్యం చదవడం, తర్వాత ఆ పని చెయ్యడం. సంకల్పం చెప్పించే పురోహితుడైనా అక్కడక్కడ మింగుతాడు. ఇతను కామాలు కూడా వదల్లేదు. బండి కారుకి తగిలించే ఉండాలి. ఉంది. కారు హ్యాండ్ బ్రేకు వెయ్యాలి. సుధ వేసింది; వేసిందో లేదో అడిగాడు; వేశానని ఆవిడ చెప్పాక వెళ్ళి చూసొచ్చాడు. అవతలి పక్క చక్రాలకి ముందూ వెనకా అడ్డు చెక్కలు పెట్టాలి. పెట్టాడు, తన్నాడు, మళ్ళీ పెట్టాడు. లోపల ఎవరూ ఉండకూడదు. పొద్దుటినుంచీ ఎవరూ లేని ఇంట్లో తలుపు తీసి, "ఎవరైనా ఉన్నారా?" అని అడిగాడు.

"దీపాలు పెట్టే వేళకైనా లేస్తాదేటి?" అని సూరన్న గొణిగి, బండి మూలనున్న సన్నటి కాలు చూపించాడు. "ఆ కాలు తిప్పితే సాలు, ఇల్లంతా లేస్తాది లా."

"అవి బండి ఊగకుండా ఆపే కాళ్ళు మావయ్యగారూ. బరువు మొయ్యవు. వంగిపోతాయి."

"మా టైములో కొబ్బరిదుంగ ఏసి లారీనే లేపినాం."

"లేపాక?"

"పడిపోయినాది" అన్నాడు సూరన్న, నిజాయితీగా.

అక్కడి నేల పైకి గట్టిగా కనిపిస్తుంది గాని తడి నేల. ముందురోజు వాన. ప్రసాద్ మందమైన పలక ఒకటి పరిచి దాని మీద జాకీ పెట్టాడు. బండి కింద బాణం గుర్తున్న చోటే, వెనక ఇరుసు దగ్గర ఆనించాడు. లేపడం మొదలుపెట్టాడు. బండి నిట్టూర్చింది. వెనక చక్రం బొటనవేలి మందాన నేల వదిలింది. అప్పుడు ఇరుసు కింద మూడుకాళ్ళ ఇనప స్టాండు ఒకటి దూర్చాడు.

"జాకీ ఉండగా అది దేనికి?"

"జాకీ లేపడానికే అన్నయ్యగారూ, నిలబెట్టడానికి కాదు. జారిందంటే స్టాండు పట్టుకుంటుంది."

"స్టాండు జారితే పట్టుకోడానికి ఇంకొకటి తెచ్చావా?"

సుధ ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు. కాగితం చూసుకుని కారవాన్ హ్యాండ్ బ్రేకు వదిలాడు. అది వదలకపోతే గాల్లో ఉన్న చక్రం కూడా తిరగదట. ఒక్క వేలితో తిప్పితే చక్రం గిర్రున తిరిగింది. రెండో కన్నం ఒక్క నిమిషంలో దొరికింది. బోల్టు దూరింది, తాళం పడింది, బ్రేకు మళ్ళీ బిగించాడు. ఇంతసేపూ చేసిన హంగామాకి ఇంత చిన్న ఫలితమా అని నాకు అసహ్యం వేసింది.

"ఇప్పుడు నిమ్మకాయ" అన్నారు అత్తయ్యగారు.

నిమ్మకాయ పట్టలేదు.

ఎందుకు పడుతుంది? అక్కడ లిమావు అని చిన్న చిన్న పచ్చ నిమ్మకాయలు దొరుకుతాయి. అత్తయ్యగారు వాటిని చూసి "ఇవి నిమ్మకాయలా, రేగుపళ్ళా" అని తీసిపారేసి, కౌలాలంపూర్‌లో పెద్ద బజారంతా తిరిగి బాతుగుడ్డంత పసుపుపచ్చ విదేశీ నిమ్మకాయలు కొన్నారు. బండి పెద్దది కదా, దానికి తగ్గట్టు.

"ఇంకొంచెం లేపండి బాబూ."

"అవసరం కన్నా ఎత్తు లేపకూడదు అత్తయ్యగారూ. నేల మెత్తగా ఉంది."

"పైడమ్మగారి దగ్గర లిమావు ఉంటుంది, అది పెట్టమ్మా" అంది సుధ.

"ఇంత బండికి గోళీకాయా? ఊరందరి ముందూ పరువు పోదూ?" ఊరందరూ అంటే సూరన్న, ఒక మేక.

ప్రసాద్ ఒకసారి బండి వైపు, ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. సోమవారం అతని కళ్ళలో కనిపించింది. కూర్చుని జాకీ తిప్పాడు. చక్రం నిమ్మకాయ ఎత్తుకి లేచింది. అత్తయ్యగారు వంగబోతే, "ఆగండి. స్టాండు ఎత్తు కూడా పెంచాలి, దాని మేకు ఒక కన్నం పైకి మార్చాలి. లేకపోతే అది ఇరుసుకి అందదు" అన్నాడు.

అందరికీ నీరసం వచ్చింది. మేకు బిగుసుకుపోయింది. అతను సుత్తి కోసం వెళ్ళాడు, వచ్చాడు, సరైన సుత్తి కాదని మళ్ళీ వెళ్ళాడు. నేనన్నాను, "ప్రసాద్, నువ్వు ఆ కన్నం మార్చేలోపు పులుసులో చేప మళ్ళీ ఈదడం మొదలుపెడుతుంది." ఈసారి సూరన్న కూడా నవ్వాడు. ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా మేకు ఒక కన్నం పైకి మార్చాకే లేచాడు.

హారతి పళ్ళెం నేను పట్టుకున్నాను. అత్తయ్యగారు మోకాళ్ళ మీద కూర్చుని, నిమ్మకాయకి కుంకుమ అద్ది, చక్రం కిందికి చెయ్యి పోనిచ్చి సరిగ్గా మధ్యలో పెడుతున్నారు. అప్పుడే ఆ పలక కింద నేల 'బుస్'మంది. పలక ఒక అంచు మట్టిలోకి దిగింది. జాకీ తాగినవాడిలా పక్కకి ఒరిగింది. ఆ తెల్లటి ఇల్లంతా ఒక్క కుదుపుతో కిందకి వచ్చింది.

వచ్చి, ఠంగుమని ఆగింది.

స్టాండు పట్టుకుంది. చక్రం నిమ్మకాయ మీద ఆగింది. నిమ్మకాయ చిట్లి రసం చిమ్మింది. చెయ్యి మాత్రం చక్రానికీ మట్టికీ మధ్య, అరటికాయ బజ్జీ మందాన మిగిలిన సందులో ఉంది. మేకు పాత కన్నంలోనే ఉంటే ఆ సందు కూడా ఉండేది కాదు. మేక కూడా నమలడం ఆపేసింది.

చెయ్యి మెల్లిగా బయటికి వచ్చింది. అయిదు వేళ్ళూ ఉన్నాయి. వేళ్ళ వెనక కాస్త తోలు లేచింది, దాని మీద నిమ్మరసం. అంతే.

ప్రసాద్ ఎవర్నీ ఏమీ అనలేదు. మొహం సున్నంలా ఉంది. కాగితం తీసి, తర్వాతి వాక్యం చదివాడు. "ఇప్పుడు అందరూ దూరంగా జరగాలి." జరిగాం. ఆ తర్వాత అతను పలక కింద ఇంకో పలక వేసి, జాకీ మళ్ళీ తిన్నగా ఆనించి, కొద్దిగా లేపి, స్టాండు తీసి, ఆ ఇంటిని పసిపిల్లని పడుకోబెట్టినట్టు దింపాడు.

అత్తయ్యగారు కొంగుతో మొహం తుడుచుకుని, "సుధా, బండి ఉండనీ" అన్నారు.

భోజనాలకి కూర్చునేసరికి నాలుగైంది. చేపల పులుసు గురించి వర్ణిస్తే మీరు నమ్మరు, అందుకని వదిలేస్తున్నాను. ఆ పూట నేను చెంచాతో తిన్నాను. ఎందుకని సూరన్న అడగలేదు, మీరూ అడక్కండి. పొద్దుగూకాక పిచ్చుకలంత దోమలు వచ్చి మమ్మల్ని బండిలోకి తరిమాయి. లోపల మంచం, పొయ్యి, స్నానాలగది అన్నీ ఉన్నాయి. పడుకుంటే కాళ్ళు మాత్రం పొయ్యి దగ్గరికి వెళతాయి. అత్తయ్యగారు హాయిగా నిద్రపోయారు. గురక కూడా జంట ఇరుసుల మీద నిలకడగా సాగింది.

మర్నాడు తాళాలు తీసి వెనక్కి బయల్దేరాం. సూరన్న కొబ్బరికాయలు ఎత్తించి, "మళ్ళీ రండి బాబూ. ఈసారి ఇల్లు ఇంటికాడే ఉంచీండి" అన్నాడు. కౌలా సెలంగోర్‌లో అదే టీకొట్టు దగ్గర ఆగాం. "మీరు ముగ్గురూ తాగి రండి, నేనుంటాను బండి దగ్గర" అన్నాను. ప్రసాద్ నన్ను అనుమానంగా చూశాడు. పాపం, నేను మంచిగా ఉండడం అతనికి అలవాటు లేదు.

కారవాన్ మీద నా అభిప్రాయం మారలేదు. అది ఇల్లుగా ఇరుకు, బండిగా లావు, వినోదంగా శిక్ష. దాన్ని లాగుతూ తిరిగేవాడు నత్త పక్కన కూర్చుని జాతకాలు పోల్చుకోవచ్చు. దేశం మాత్రం చక్కటిది. రోడ్లు బాగుంటాయి, టీ బాగుంటుంది, మన మాట మనకన్నా పాతగా, తియ్యగా మాట్లాడే మనుషులుంటారు. వెళ్ళండి. వెళితే చేతులు ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి.

తిరుగు విమానంలో అత్తయ్యగారు ఈసారి రెక్కకి కాపలా కాయలేదు. నా పక్కకి తిరిగి, "ఇదంతా పేపరుకి రాస్తారు కదూ?" అన్నారు.

"రాస్తానేమోనండి."

"చెయ్యి సంగతి రాయకుండా ఉండలేరు. మీదని రాస్తే జనం నవ్వుతారు. 'అంతసేపూ వెక్కిరించి, మీరు వంగకండి అత్తయ్యా, ఆలస్యమవుతోందని నిమ్మకాయ లాక్కుని, తనే చెయ్యి దూర్చాడట' అంటారు. నాదని రాసెయ్యండి. ముసలిది, నిమ్మకాయల పిచ్చిది అనుకుంటారు. నాకు పోయేదేముంది?"

నేను సరేనన్నాను. చెప్పినట్టే రాశాను కూడా. రాసింది చదువుకుంటే ఆ ఒక్క చోటే అబద్ధంలా లేదు, అదే నచ్చలేదు.

కాబట్టి చెబుతున్నాను. కొబ్బరిపూత కాయగా ముదరడం, కోళ్ళ జాలిచూపు, పిచ్చుకలంత దోమలు, అవన్నీ నిజమే, ప్రమాణం చేస్తాను. హారతి పళ్ళెం పట్టుకున్నది మాత్రం అత్తయ్యగారు. చక్రం కింద చెయ్యి నాది.